తెప్ప

నర్సీపట్నం పేరులో పట్నం ఉంది గాని ఊళ్ళో రేవు లేదు. తమిళంలో ‘పట్టినం’ అంటే సముద్రపు ఒడ్డున ఓడలు ఆగే ఊరు. మన కోస్తాలో విశాఖపట్నం, భీమునిపట్నం, మచిలీపట్నం ఆ అర్థానికి తగ్గట్టే ఉప్పునీటి అంచున ఉన్నాయి. నర్సీపట్నం మాత్రం మన్యం గుమ్మంలో కూర్చుంది. చింతపల్లి, లంబసింగి వెళ్ళేవాళ్ళు ఘాటెక్కే ముందు తగిలే ఊరు. పక్కనే వరాహ నది పారుతున్నా అది నావలు నడిచే ఏరు కాదు. అయినా ఇక్కడి బస్టాండులో కాసేపు చెవి ఒగ్గితే చాలు, నీటి మాట ఒకటి వినబడుతుంది. ‘శివరాత్రికి ఉత్తరవాహిని కాడ జనం కుప్పలు తెప్పలుగా ఉన్నార్రా’ అని ఒకడంటాడు. ‘ఏరు దాటాక తెప్ప తగలెట్టే రకం ఆడు’ అని ఇంకొకడు ఎవరినో తిట్టుకుంటాడు. నావ ఎక్కని ఊరి నోట్లో తెప్ప ఇంత చనువుగా ఎలా తిరుగుతోంది?

ముందు తెప్ప అంటే ఏమిటో తేల్చుకోవాలి. తమిళ మలయాళాల్లో తెప్పం, కన్నడంలో తెప్ప, మనకూ తెప్పే. దక్షిణాది అంతా పంచుకున్న మాట ఇది. నావ, పడవ, ఓడ, దోనె, పుట్టి అన్నిటికీ కడుపు ఉంటుంది. నీళ్ళు లోపలికి రాకుండా ఆ కడుపును కాపాడుకోవడమే వాటి బతుకు. తెప్పకు కడుపు లేదు. దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగిస్తారు. అల పైకి ఎక్కితే ఎక్కిన నీరు సందుల్లోంచి కిందికి జారిపోతుంది. చిల్లు పడుతుందన్న భయం లేదు, ఎందుకంటే ఒళ్ళంతా చిల్లులే. తమిళులు దీన్నే కట్టుమరం అన్నారు. తెల్లవాడు దాన్ని కటమరాన్ చేసుకుని ప్రపంచమంతా తిప్పాడు. కట్టిన మాను అన్న ఆ పేరులోనే తెప్ప లక్షణం ఉంది. దాన్ని తెప్పను చేసేది చెక్క కాదు, కట్టు.

నర్సీపట్నం నుంచి సముద్రం వైపు దిగితే పూడిమడక, పెంటకోట లాంటి మత్స్యకార గ్రామాలు వస్తాయి. అక్కడ తెప్ప ఇంకా పనిలో ఉన్న మాట. వేట ముగిశాక తెప్పను ఇసుక మీదికి లాగి ఆరబెట్టేవారు. నానిన దుంగ బరువెక్కుతుంది, బరువెక్కిన తెప్ప మునిగి నడుస్తుంది. ఇప్పుడు దుంగలు తగ్గి ఫైబరు వచ్చింది. ఫైబరు తెప్పలో కట్టడానికి తాడూ లేదు, దుంగా లేదు. అయినా పేరు తెప్పే. సర్కారు కాగితాల్లోనూ ఈ మాటకు చోటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు, మోటారు బోట్లు రేవులో కట్టేయాలి. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు. ఆ రెండు నెలలు తెప్పకూ బోటుకూ ఉన్న తేడా నిఘంటువులోది కాదు, పూటకూటిది.

ఇక కుప్పలు తెప్పలు. జంటపదాల్లో రెండో మాట చాలాసార్లు ఉత్త ప్రాసే, దానికి అర్థం వెతకక్కర్లేదు. ఇక్కడ అలా కాదనుకుంటాను. తెప్పలుగా అనే మాట విడిగానూ సమృద్ధి అనే అర్థంలో పాత వాడుకలో ఉంది. కుప్ప నేల మీది రాశి, కళ్ళంలో పోగుపెట్టిన పంట. తెప్ప నీటి మీద తేలుతూ వచ్చే రాశి. పొలం ఉన్నవాడి సమృద్ధినీ వల ఉన్నవాడి సమృద్ధినీ పక్కపక్కన పెట్టి జనం ఒక్క మాట చేశారని నాకు తోస్తుంది. బస్టాండులో ఆ మాట అన్నవాడు కళ్ళమూ చూడలేదు, తెప్పా ఎక్కలేదు. ఆ పనులు చేసినవాళ్ళ మాట మాత్రం అతని దాకా వచ్చింది.

గుళ్ళ దగ్గరికి వెళ్తే ఈ మాట దేవుడి సేవలో కనిపిస్తుంది. సింహాచలంలో పుష్య బహుళ అమావాస్య నాడు అప్పన్నకు కొండ దిగువ అడివివరం వరాహ పుష్కరిణిలో తెప్పోత్సవం. తిరుమలలో ఫాల్గుణ ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా అయిదు సాయంత్రాలు. మొదటి రోజు సీతారాములు, రెండో రోజు రుక్మిణీకృష్ణులు, చివరి మూడు రోజులు దేవేరులతో మలయప్ప. పుష్కరిణి నడుమ నీరాళి మండపాన్ని 1468లో సాళువ నరసింహరాయలు కట్టించాడని దేవస్థానం చెప్పే చరిత్ర. భద్రాచలంలో ముక్కోటి ఏకాదశికి ముందు సాయంత్రం గోదావరిలోనూ, విజయవాడలో దసరాకు కృష్ణలోనూ హంసవాహనం.

తెప్పోత్సవం అనే మాటకు వ్యాకరణం ఒప్పుకోదు. తెప్ప అచ్చతెలుగు, ఉత్సవం సంస్కృతం. రెండూ కలిపి సమాసం చేస్తే చేశారు, గుణసంధి చేయడం తప్పు. అకారానికి ఉకారం పరమైతే ఓకారం రావడం సంస్కృత పదాల మధ్య జరిగే పని. తెలుగు పద్ధతిలో తెప్పుత్సవమో తెప్పయుత్సవమో కావాలి. శుద్ధంగా కావాలంటే ప్లవోత్సవం ఉండనే ఉంది. అమరకోశంలో తెప్పకు ఉడుపం, ప్లవం, కోలం అని మూడు మాటలున్నాయి. వాటిలో ఏదీ జనం నోటికి ఎక్కలేదు. ఇటు తెలుగు దుంగ, అటు సంస్కృతపు దుంగ, మధ్య సంధి అనే తాడు. దుష్టసమాసం అని పంతులు కొట్టేసే ఆ మాట తెప్ప కట్టినట్టే కట్టింది.

దేవుడి తెప్పను దగ్గరగా చూస్తే ఇంకొకటి తెలుస్తుంది. అది సొంతంగా ఒక పడవ కాదు. విజయవాడ హంసవాహనం కింద చూడండి. పంట్లు జత చేసి పైన వేదిక, ఆ పైన హంస. ఇలా జత కట్టినదానికి తెలుగులో మరో పాత మాట సంగడి. రెండు దోనెల మీద బల్లలు పరిచి ఏరు దాటించే సాధనం అది. స్నేహానికీ సంగడి అనే మాటే, స్నేహితుడు సంగడీడు. సంస్కృత సంఘాటం నుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో గ్రీకు నావికుడెవరో రాసిన పెరిప్లస్ అనే పుస్తకంలో మన తూర్పు తీరపు నావల ప్రస్తావన వస్తుంది. దుంగలు జత చేసి కట్టిన పెద్ద నావలను అతను ‘సంగర’ అన్నాడు. పండితులు దాన్ని ఈ సంగడితోనే ముడిపెడతారు.

మరి ఇంత శ్రమపడి కట్టిన తెప్ప ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. తిరుమలలో చివరి మూడు రోజులు మూడు, అయిదు, ఏడు చుట్లు తిరిగి ఎక్కిన మెట్ల దగ్గరికే వస్తుంది. అవతలి ఒడ్డు కోసం పుట్టిన వస్తువును పండగ పూట ఒడ్డుతో పని లేకుండా తిప్పుతారు. దేవుడికి దాటాల్సిన ఏరు లేదు. చూడాల్సిన జనం చుట్టూ మెట్ల మీద ఉన్నారు.

ఈ తిప్పడం మనవాళ్ళ ఒక్కరిదే కాదు. మెక్సికో నగరపు దక్షిణ కొసన షోచిమిల్కో అనే చోటుంది. అక్కడి పాత నాహువా భాషలో ఆ పేరుకు పూలతోటల చోటు అని అర్థం. నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికో అంతటా చనిపోయినవాళ్ళ పండగ. యునెస్కో 2008లో తన జాబితాలో చేర్చింది. ‘కోకో’ సినిమా చూసిన పిల్లలకు ఇది తెలుసు. ఆ రోజుల్లో చీకటి పడ్డాక షోచిమిల్కో కాలువల్లో జనం అడుగు చదునుగా ఉండే పడవలెక్కుతారు. మధ్యలో పొడుగాటి బల్ల, రెండు వైపులా కుర్చీలు, ముందు పూలకమాను. వెనక ఒకడు నిలబడి గడ వేసి తోస్తాడు. కాలువలు తిరిగి ఒక మడుగు దగ్గర ఆపితే ఒడ్డు మీద యోరోనా కథ ఆడతారు. పోగొట్టుకున్న బిడ్డల కోసం నీటి గట్టున ఏడుస్తూ తిరిగే తల్లి కథ అది. ప్రేక్షకులు పడవ దిగరు. నీటి మీదే కూర్చుని చూసి, ఎక్కిన రేవులోనే దిగుతారు.

ఆ పడవ పేరు త్రహినేరా. సరుకు మోయడం అనే క్రియలోంచి వచ్చిన మాట. ఒకప్పుడు ఇవి కూరగాయలూ పూలూ రాజధానికి చేరవేసేవి. ఇప్పుడు మోసేది చూడవచ్చినవాళ్ళను, పేరు మాత్రం కూలీ పేరే. మన ఫైబరు తెప్పలో తాడు లేకపోయినా తెప్ప అన్నట్టే. పక్కనున్న చినాంపాలను తేలే తోటలు అంటారు గాని అవి తేలవు. చెరువు అడుగు నుంచి బురద ఎత్తిపోసి, దడి కట్టి, చుట్టూ చెట్లు నాటి నిలబెట్టిన మళ్ళు. తేలేది పడవే.

ఆ పండగ పువ్వు మన బంతి. మెక్సికోలో పుట్టి సముద్రం దాటి వచ్చి మన గుమ్మాలకు ఎక్కింది. నాహువాలో దాని పేరుకు ఇరవై పువ్వు అని అర్థం. ఇరవైతో లెక్కించే జాతికి ఇరవై అంటే నిండుగా, బోలెడు. మనం అదే పువ్వును చూసి గుండ్రంగా ఉందని బంతి అన్నాం. వాళ్ళు రేకులను చూసి లెక్క చెప్పారు. మనం కుప్పలు తెప్పలు అనే చోట వాళ్ళు ఇరవై అన్నారన్నమాట.

చనిపోయినవాళ్ళకూ తెప్పకూ మన దగ్గర చుట్టరికం లేదా? ఉంది. అప్పన్న తెప్పోత్సవం జరిగే అమావాస్యే చొల్లంగి అమావాస్య. కాకినాడ పక్కన చొల్లంగిలో సముద్రస్నానం చేసి పితరులకు తర్పణాలు వదిలే రోజు, సప్తసాగర యాత్ర మొదలయ్యే రోజు. తర్పణం అంటే తృప్తిపరచడం, నీళ్ళతో. మెక్సికో ఇళ్ళలో పెద్దల ఫొటోల ముందు పెట్టేవాటిలో ఒక గ్లాసు నీళ్ళు తప్పనిసరి. దూరం నుంచి వచ్చే ఆత్మలకు దాహం వేస్తుందని.

అన్నిటికంటే దగ్గరిది పోలి పాడ్యమి. కార్తీక అమావాస్య వెళ్ళిన మర్నాడు తెల్లారకముందే ఆడవాళ్ళు చెరువులకూ కాలువలకూ వెళ్తారు. అరటి డొప్ప చీల్చి, అందులో వత్తులు పెట్టి, వెలిగించి, వేళ్ళతో నీటిని మెల్లగా తోస్తారు. అత్త కార్తీక స్నానానికి వెళ్ళనివ్వకపోతే ఇంట్లోనే కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టుకున్న చిన్నకోడలు పోలి. ఆమె బొందితో స్వర్గానికి వెళ్ళిన రోజది. తెప్పోత్సవంలో ఊరంతటికీ ఒక్క తెప్ప, పోలి పాడ్యమికి ఇంటికొక తెప్ప. వదిలిన డొప్ప తిరిగి రాదు, ఎవరూ తెచ్చుకోరు.

ఇక్కడే సామెత గుర్తొస్తుంది. ఏరు దాటి తెప్ప తగలేసినవాడు మనకు కృతఘ్నుడు. బుద్ధుడు మాత్రం ఇదే తెప్పతో వేరే మాట చెప్పాడు. పాలి మజ్ఝిమనికాయంలోని అలగద్దూపమ సుత్తంలో ఒక బాటసారి గడ్డీ పుల్లలూ కొమ్మలూ ఆకులూ పోగుచేసి తెప్ప కట్టి ఏరు దాటుతాడు. దాటాక ఇది నాకెంతో మేలు చేసిందని నెత్తిన పెట్టుకుని నడిస్తే తెలివైన పనా అని అడుగుతాడు బుద్ధుడు. ధర్మం దాటడానికే, మోయడానికి కాదు అంటాడు. బౌద్ధ భిక్షువులు మన అనకాపల్లి పక్క బొజ్జన్నకొండ మీద కూడా ఉండేవాళ్ళు. సామెతకూ సుత్తానికీ నిజంగా తగాదా లేదు. బుద్ధుడు తెప్పను ఒడ్డునో నీటిలోనో వదిలి పొమ్మన్నాడు, తగలేయమనలేదు. వెనక వచ్చేవాడు దాటాలి కదా.

మాట విషయంలోనూ నా తీర్పు అదే. ఈ మధ్య కరపత్రాల్లో, ప్రకటనల్లో తెప్పను తీసేసి ‘బోటు సేవ’, ‘నౌకా విహారం’ అని రాయడం కనిపిస్తోంది. బోటు ఇంజనున్నది, నౌక సరుకున్నది, విహారం షికారు. దేవుడు ఎక్కేది మూడూ కాదు. ఒక పూట కోసం కట్టి, పండగయ్యాక విప్పేదానికి ఇవాళ తెలుగులో తెప్ప ఒక్కటే పేరు. గుణసంధి తప్పే అయినా తెప్పోత్సవం సాధుశబ్దమే. కరపత్రం వేయించేవాళ్ళు అలాగే వేయించండి.