జంపర్‌కు అవతలి పక్క

రాత్రి రెండు నలభై. నందివాడ దగ్గర చెరువు గట్టు మీద బైకు వదిలేసి నడుస్తున్నారు మీరు. పోస్టింగ్ వచ్చి ఎనిమిది నెలలైన ఏఈ. తుంపర ఆగలేదు. నల్లమట్టి చెప్పులకు అంటుకుని కాలు తీస్తే కాలు బరువు. ఫోన్‌లో సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటర్ గొంతు: "ఎల్సీ, లైన్ క్లియర్ ఇచ్చేశానండి, బ్రేకర్ ఓపెన్. టైము రెండూ పది. మీ పేరే రాశాను."

స్తంభం మీదికి టార్చి వేస్తే తీగకూ తీగకూ కలిపే జంపర్ కాలిపోయి వేలాడుతోంది. దానికి అవతల ఉన్నవి రెండే ట్రాన్స్‌ఫార్మర్లు, రెండూ రొయ్యల చెరువులవే. వెంట వచ్చిన లైన్‌మ్యాన్‌కు యాభై దాటాయి. టెస్టర్ కర్రను సబ్‌స్టేషన్ వైపు తీగకు ఆనించాడు. చప్పుడు లేదు. నడుముకు బెల్టు బిగిస్తున్నాడు.

"అటుపక్క కూడా చూడండి."

"అటు కరెంటెక్కడిది సార్, తెగిందిగా" అంటూనే కర్ర అటు పెట్టాడు. టెస్టర్ కీచుమంది.

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వినబడింది మీకు, రెండు చెరువుల అవతల జనరేటర్ చప్పుడు. చేంజోవర్ స్విచ్ లేకుండా నేరుగా బోర్డుకు తగిలించేశారన్నమాట. ట్రాన్స్‌ఫార్మర్ పదకొండు వేల వోల్టులను 433కు దించుతుంది, నిజమే. కింద నుంచి 415 ఎక్కిస్తే అదే ట్రాన్స్‌ఫార్మర్ పైకి పదివేల పైచిలుకు తోస్తుంది. ఎటు నుంచి వచ్చినా దానికి ఒకటే. ఎల్సీ కాగితం మీద చచ్చిన లైను గట్టు మీద బతికే ఉంది.

షెడ్డు ముందు రైతు చేతులు నలుపుకుంటున్నాడు. చెరువులో ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. "జనరేటర్ ఆపితే నా పని అయిపోయినట్టే సార్. ఈ టైములోనే ఆక్సిజన్ పడిపోద్ది. వెనామీ, ఇంకో పదిహేను రోజుల్లో పట్టుబడి." ఆయన అబద్ధమాడటం లేదు. తెల్లారకముందే నీళ్లలో ఊపిరి తగ్గుతుంది, రొయ్య పైకి తేలుతుంది. డెల్టాలో ఈ లెక్క తెలియనివాళ్లు లేరు.

దారి ఒకటి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ తెరిస్తే జనరేటర్ నడుస్తూనే ఉంటుంది, లైను విడిపోతుంది. హ్యాండిల్ కిందికి లాగారు. కిర్రుమంది. చాలామంది ఇక్కడే వెనక్కి తిరుగుతారు. మీరు టార్చి పైకి వేశారు. మూడు బ్లేడ్లలో రెండు తెరుచుకున్నాయి. మూడోది తుప్పుపట్టి అతుక్కునే ఉంది.

ఫోన్ మోగింది. ఊళ్లో ఒక పెద్దమనిషి. "ఏఈ గారూ, అరగంట పనికి గంట చేస్తున్నారంట?"

అమెరికా ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘం 1912లోనే వృత్తి నీతి నియమావళి రాసుకుంది. 1963లో అదీ, రేడియో ఇంజనీర్ల సంఘమూ కలిసి ఐఈఈఈ అయ్యాయి. అందరికంటే ముందు ప్రజల ప్రాణభద్రత చూడమంటుంది వాళ్ల ఇప్పటి నియమావళి. మన కాలేజీల్లో అది రెండు మార్కుల ప్రశ్న. గట్టు మీద అదే ప్రశ్న ఫోన్‌లో పెద్దమనిషి గొంతుతో వస్తుంది.

ఇలాంటి మాటలు పడటం ఈ ఉద్యోగంలో కొత్త కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మీరు ఇంకా ఉద్యోగంలో చేరలేదు. పైఅంతస్తుల్లో జనం రోజుల తరబడి చీకట్లో ఉన్నారు, కరెంటోళ్లను తిట్టుకున్నారు. మీటరు బోర్డు నీళ్లలో మునిగిన వీధికి కరెంటు వదిలితే ఏమవుతుందో తెలిసినవాడు ఆ తిట్లు తినాల్సిందే.

"టైము పడుతుందండి" అని ఫోన్ పెట్టేశారు.

"ఇరవై నిమిషాలు ఆపండి" అని రైతుకు చెప్పారు. ఆయన మీ మొహం చూశాడు, స్తంభం కింద నిలబడ్డ లైన్‌మ్యాన్‌ను చూశాడు. ఆక్సిజన్ బిళ్లల సంచీ చించి, కొడుకును చెరువులోకి చల్లమని, తనే వెళ్లి జనరేటర్ ఆపాడు. ఏరియేటర్లు ఒక్కొక్కటే నిలిచాయి. అంత నిశ్శబ్దం మీరెప్పుడూ వినలేదు. టెస్టర్ మళ్లీ పెట్టారు, రెండు పక్కలా. ఎర్త్ రాడ్లు తగిలించారు, రెండు పక్కలా. అప్పుడు ఎక్కాడు లైన్‌మ్యాన్.

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ నార్ల తాతారావు సొంతూరు కౌతరం ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఆయన విద్యుత్ బోర్డు చైర్మన్‌గా చేశారు, పేరు కేంద్రానికే పెట్టారు. ఎల్సీ రిజిస్టరులో సంతకం పెట్టే ఏఈ పేరును ఆపరేటర్ తప్ప ఎవరూ చదవరు.

ఇరవై అన్నది ఇరవై ఆరు నిమిషాలైంది. రాడ్లు తీశారు, మనుషుల్ని లెక్కపెట్టారు, ఎల్సీ రిటర్న్ చేశారు. లైటు వెలిగింది. గట్టు వారన కొన్ని రొయ్యలు తెల్లగా తేలాయి. రైతు వాటిని చూస్తున్నాడు, మిమ్మల్ని చూడటం లేదు.

తెల్లారి సెక్షన్ ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రాత్రి జరిగింది రాయాలి. చేంజోవర్ స్విచ్ లేని సంగతి రాయడం తేలిక, తప్పు రైతుది. ఏబీ స్విచ్ దగ్గర పెన్ను ఆగింది. పోయిన నెల మెయింటెనెన్స్ రిపోర్టు ఎదుటే ఉంది: స్విచ్‌లన్నీ సరిగా పనిచేస్తున్నాయి. కింద సంతకం మీదే. చూడకుండా పెట్టింది.

టీ చల్లారింది. "ఏబీ స్విచ్ ఒక బ్లేడు తెరుచుకోవడం లేదు. గత నెల తనిఖీ చేయలేదు" అని రాసి, కింద పేరు పెట్టి, పై అధికారి ఏడీఈకి పంపారు.