ఇంటర్నెట్‌కి మొదటి ఇంటర్‌ఫేస్ ఎవరు చేశారు?

ఇంటర్నెట్ చరిత్ర అనగానే 1969 అక్టోబర్ 29 రాత్రి గురించే చెప్పుకుంటాం. లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ నుంచి ‘లాగిన్’ అని పంపబోతే, ‘ఎల్’, ‘ఓ’ వెళ్లాక అవతలి కంప్యూటర్ ఆగిపోయింది. నేనూ కథ అక్కడి నుంచే మొదలుపెట్టేవాణ్ణి. కానీ అసలు గండం అంతకుముందే గడిచింది.

ఆగస్టు చివర్లో బీబీఎన్ కంపెనీ ‘ఐఎంపీ’ అనే యంత్రాన్ని యూసీఎల్ఏకి పంపింది. ఇవాళ్టి రౌటర్‌కి తాత అనుకోండి. అది ఫోన్ లైనుతో మాట్లాడుతుంది సరే, కంప్యూటర్‌తో ఎలా? ఒక్కోచోట ఒక్కో రకం కంప్యూటర్ కదా! యూసీఎల్ఏలో సిగ్మా 7, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎస్‌డీఎస్ 940. అందుకని బీబీఎన్ తన వైపు కనెక్షన్ ఎలా ఉంటుందో 1822 నంబరు రిపోర్టులో రాసిచ్చి, రెండో సగం మీరే చేసుకోండి అంది.

సిగ్మా 7కి ఆ సగం చేసింది మైక్ వింగ్‌ఫీల్డ్ అనే విద్యార్థి. అందులో కిటుకు చూడండి: బిట్లు ఒక్కొక్కటిగా వెళ్తాయి. ‘తర్వాతిది పంపు’ అని అటువైపు అంటేనే, ‘ఇదిగో’ అని ఇటువైపు ఇస్తుంది. ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా ఉన్నా ఇబ్బంది లేదు. సెప్టెంబర్ మొదట్లో రెండూ కలిపితే బిట్లు అటూ ఇటూ నడిచాయి.

ఇప్పుడు నేను రౌటర్‌లో కార్డు తోసి, స్క్రూ బిగించి, కేబుల్ పెడితే లైటు వెలుగుతుంది. రెండు వైపులా ఒకే ఒప్పందం ఉండబట్టే అది సాధ్యం. అందుకే ‘ఎల్’, ‘ఓ’ కథ చెప్పినప్పుడల్లా వింగ్‌ఫీల్డ్ పేరు కూడా చెబుదామండీ.