చీనా బాలుర వ్యాయామము: ఆజ్ఞయు, ఇచ్ఛయు

బాలుడు పరుగెత్తిన దూరమును కొలుచుటకు టేపు చాలును. పట్టిన కాలమును కొలుచుటకు గడియారము చాలును. అతడేల పరుగెత్తెనో కొలుచుటకు మాత్రము సాధనము దొరకుట దుర్ఘటము. ఈ మూడవ కొలతకై మనశ్శాస్త్రజ్ఞులు ప్రశ్నావళులను నిర్మించి, చీనాదేశపు విద్యార్థులపై సైతము ప్రయోగించుచున్నారు. ఆ ప్రశ్నలకు చీనా బాలుడు చెప్పు సమాధానము వెనుక అతని మనస్సొక్కటియే కాక, సహస్రాధిక వత్సరముల పరీక్షా సంప్రదాయమును, శతాధిక వత్సరముల ప్రభుత్వ శాసనములును నిలిచియున్నవి.

ప్రాచీన చీనాలో విద్యయనగా కేవలము గ్రంథపఠనము కాదు. కులీనుడైన యువకుడు అభ్యసింపవలసిన ఆరు కళలలో ఆచారము, సంగీతము, లేఖనము, గణితము అనువానితోపాటు ధనుర్విద్యయు, రథచోదనమును చేరియుండెను. కన్ఫ్యూషియసు ఆ సంప్రదాయమునకు వారసుడు. కాని సూయి వంశపు రాజుల కాలమున అంకురించి, తరువాతి వంశముల పాలనలో వేళ్లు తన్ని, 1905 వరకు నిలిచిన ఉద్యోగపరీక్షల విధానము దేహశిక్షణకును గ్రంథవిద్యకును గల ఆ సమత్వమును క్రమక్రమముగా చెరిపివేసెను. ప్రాచీన గ్రంథములను కంఠస్థము చేసి, నియమబద్ధమైన వ్యాసము వ్రాయగలవానికే అధికారమును, వంశగౌరవమును లభించుచుండగా, చెమటోడ్చు పని సేద్యగాండ్రకును సిపాయిలకును తగినదను భావము చదువుకొన్న కుటుంబములలో నాటుకొనెను. అంతమాత్రమున పిల్లలు ఆటలు మానిరని యెంచరాదు. సోంగు వంశకాలమున, పండ్రెండవ శతాబ్దిలో, సూ హాన్‌చెన్ అను ఆస్థాన చిత్రకారుడు బాలక్రీడలనే వస్తువుగా గ్రహించి చిత్రించి ప్రసిద్ధుడయ్యెను. ఈకలు గ్రుచ్చిన బిళ్లను నేల తాకనీయక కాలితో ఎగురగొట్టుటయు, గాలిపటములు ఎగురవేయుటయు తరతరముల పిల్లలకు వినోదములు. ఆ ఆటలను ఎవరును ఆజ్ఞాపింపలేదు. వానికెవరును మార్కులు వేయలేదు.

వ్యాయామము రాజ్యవ్యవహారమైనది పరాజయముల పిమ్మట. నల్లమందు యుద్ధములలో పాశ్చాత్యులకును, 1894–95 యుద్ధమున జపానుకును తలయొగ్గిన దేశములో, జాతి దౌర్బల్యమునకు దేహదౌర్బల్యమే మూలమను వాదము ప్రబలెను. 1904 నాటి నూతన పాఠశాలా నిబంధనలు వ్యాయామమును పాఠ్యవిషయముగా చేర్చెను. కాని అది చాలవరకు సైనికుల కవాతే. ఆటల పద్ధతి వేరొక ద్వారమున వచ్చెను. 1895లో తియాంజిన్ నగరమున వై.ఎం.సి.ఏ. వారు బాస్కెట్‌బాల్‌ను ప్రవేశపెట్టిరి. ఆ నగరముననే 1904లో వెలసిన నాన్‌కాయి పాఠశాలకు అధిపతియైన జాంగ్ బోలింగ్ క్రీడలను విద్యలో అంతర్భాగముగా పోషించెను. 1910లో నాన్‌జింగ్‌లో తొలి జాతీయ క్రీడోత్సవము జరిగెను. కవాతైనను, ఆటయైనను, బోధకులు చెప్పిన ప్రయోజనమొక్కటియే: బాలుడు తనకొరకు కాక, జాతికొరకు కండలు పెంచవలెను.

ఈ ధోరణిలోని లోపమును ఎత్తిచూపిన వ్యాసమొకటి 1917 ఏప్రిల్‌లో ‘నవయువత’ పత్రికలో మారుపేరుతో వెలువడెను. దానిని వ్రాసినవాడు చాంగ్‌షా నగరములోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చదువుచుండిన ఇరువదిమూడేండ్ల మావో సే టుంగ్. జాతి బలహీనమగుచున్నదని అతడును వాపోయెను. అయితే పాఠశాలలు పరికరములను సమకూర్చి, వేళలు నిర్ణయించి, ఉపాధ్యాయుని నియమించినంతమాత్రమున ఫలము రాదనియు, విద్యార్థి అంతరంగము కదలి, వ్యాయామము తనకు అవసరమని తానుగా గ్రహించిననాడే అది ఫలించుననియు వాదించెను. నేటి మనశ్శాస్త్రజ్ఞుడు బాహ్యప్రేరణకును అంతఃప్రేరణకును చూపు భేదమిదియే. ఆ వ్యాసకర్తయే తరువాతి కాలమున దేశాధినేతయై, కోట్లాది విద్యార్థులను ఒకే గంటకు, ఒకే సంగీతమునకు చేతులెత్తించిన ప్రభుత్వమునకు నాయకుడగుట చరిత్రలోని వైచిత్ర్యము.

అదే కాలమున బీజింగ్‌లోని సింఘువా విద్యాలయము ఇచ్ఛ పుట్టువరకు వేచియుండక, నిర్బంధమునే సాధనముగా గైకొనెను. సాయంకాలము నాలుగు గంటలకు తరగతి గదులకు, గ్రంథాలయమునకు, వసతిగృహములకు తాళములు వేయుచుండిరి. ఐదు గంటలవరకు విద్యార్థికి మైదానము తప్ప వేరు గతి లేకుండెను. 1914లో అచట చేరి అర్ధశతాబ్దికి మించి వ్యాయామమును బోధించిన మా యూహాన్, తాళము పనిచేయని చోట ఉత్సాహముతో పనిచేయించెను; చెట్ల చాటున పుస్తకము పట్టుకొని కూర్చున్నవారిని బుజ్జగించి ఆటలోనికి దింపెడివాడు. ఆ విద్యాలయము చదువు ముగించినవారిని పైచదువులకై అమెరికాకు పంపెడిది; శరీరపరీక్షలో నెగ్గనివానికి ఆ ప్రయాణము లేకుండెను. తరువాత ప్రసిద్ధ వ్యాసకర్తయైన లియాంగ్ షిచ్యూ ఈత పరీక్షలో తప్పి, మరల పరీక్షకు నిలిచి గట్టెక్కిన వృత్తాంతమును తానే హాస్యముగా వ్రాసికొనెను. నిర్బంధము సర్వదా వ్యర్థమని ఈ ఉదాహరణము చెప్పనీయదు. నిర్బంధముతో మొదలైనది అలవాటై, అలవాటు ప్రీతిగా మారవచ్చును. అయితే ఆ మార్పునకు తాళము చాలదు, మా యూహాన్ వంటి గురువు కావలెను.

1949 తరువాత ఆజ్ఞ దేశవ్యాప్తమయ్యెను. 1951 డిసెంబరులో సంగీతముతో కూడిన సామూహిక వ్యాయామము రేడియోలో ప్రసారమగుట ప్రారంభమయ్యెను. 1954లో సోవియట్ పద్ధతిని అనుసరించి, శ్రమకును దేశరక్షణకును సంసిద్ధులను చేయు ప్రమాణములు నిర్ణయింపబడెను. 1975లో జాతీయ వ్యాయామ ప్రమాణములు అమలులోనికి వచ్చెను. 1985 నుండి విద్యార్థుల శారీరక స్థితిని గూర్చి దేశవ్యాప్త పరిశీలనలు ఇంచుమించు ఐదేండ్లకొకసారి జరుగసాగెను. అవి వెల్లడించినది విచిత్రము: అన్నము సమృద్ధియై పిల్లల ఎత్తును, బరువును పెరుగుచుండగా, ఓర్పుతో పరుగెత్తు శక్తి సన్నగిల్లెను, దృష్టి మందగించెను, స్థూలకాయము హెచ్చెను. దీనికి విరుగుడుగా 2007లో ప్రతిదినము ఒక గంట వ్యాయామమను ఉద్యమము వచ్చెను. ఉన్నత మాధ్యమిక పాఠశాలలో ప్రవేశమునకై జరుగు పరీక్షలో వ్యాయామమునకును మార్కులు కలవు. యున్నాన్ రాష్ట్రము వానిని 100కు పెంచి, భాషా గణితములతో సమము చేసెను. అంతట పట్టణములలో తాడాటకును, పరుగునకును ట్యూషన్లు వెలసెను. పరీక్షకు విరుగుడనుకొన్నది పరీక్షలోనే ఒక భాగమైపోయెను.

ఈ స్థితిలో పిల్లల ప్రేరణను కొలువవచ్చినవారికి ఆధారమైనది ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1985లో గ్రంథరూపమున ప్రతిపాదించిన స్వయంనిర్ణయ సిద్ధాంతము. దాని ననుసరించి ప్రేరణ ఒక సోపానము: అడుగున నిరాసక్తి, దానిపై దండనకు వెఱచియో, బహుమతికి ఆశించియో చేయుట, ఆపైన చేయకున్న సిగ్గుపడుదునని చేయుట, ఆపైన మేలని యెఱిగి చేయుట, శిఖరమున ఆనందముకొరకే చేయుట. ఈ మెట్లను కొలుచుటకై 2004లో మార్క్‌లండ్, టోబిన్ అనువారు సవరించిన ప్రశ్నావళిలో 19 వాక్యములుండును. ప్రతి వాక్యము తనపట్ల ఎంత నిజమో సున్న నుండి నాలుగు వరకు గుర్తింపవలెను. ఇది చీనా భాషలోనికి వచ్చి, అచటి విద్యార్థులపై ప్రయోగింపబడినది. అయితే తల్లిదండ్రుల గౌరవము తన గౌరవమేయని నేర్చిన బాలునికి, వారి సంతోషమునకై పరుగెత్తుట సిగ్గు అను మెట్టున చేరునా, మేలెఱుగుట అను మెట్టున చేరునా? ఉపాధ్యాయుడు మెచ్చు సమాధానమే సమాధానమని బాల్యము నుండి అలవడినవాడు, ఉపాధ్యాయుడు పంచిన కాగితముపై తన మనస్సును వ్రాయునా? కదలికను కొలుచుటకై పరిశోధకులు నడుమునకు కట్టు యంత్రము వాని అడుగులను లెక్కింపగలదు. ఈ సందేహములను మాత్రమది తీర్పజాలదు.

2021లో ప్రభుత్వము ఇంటిపనిని, ట్యూషన్లను తగ్గించు ఆదేశము వెలువరించెను. 2024 శరదృతువున బీజింగ్ పాఠశాలలు విరామమును 15 నిమిషములకు పెంచెను. 2025లో వెలువడిన జాతీయ విద్యాప్రణాళిక దినమునకు రెండు గంటల వ్యాయామమును కోరినది. ఇవి మెచ్చదగిన చర్యలే. వానిలో విరామమును పెంచుట, మార్కులు లేని కాలమును పిల్లలకు తిరిగి యిచ్చుటచేత, తక్కినవానికంటె మేలైనది. ప్రభుత్వము మైదానమును ఈయగలదు, కాలమును ఈయగలదు, గురువును ఈయగలదు, ఇచ్ఛను ఈయజాలదు. ఇచ్ఛను కొలువగోరువారు మొదట దానికి భయము లేని చోటు కల్పింపవలెను; మార్కు వేయు చేతితోనే మనస్సును అడిగినంతకాలము వచ్చు సమాధానము మార్కుకొరకైన సమాధానమే యగును.