తెల్లవారుజామున 4:02

2004 నాటి మాట. రెడ్‌హ్యాట్ లినక్స్ ఉన్న కంప్యూటర్‌ని రాత్రి ఆపకుండా వదిలేస్తే, తెల్లవారుజామున 4:02కి దానంతటదే పనిలోకి దిగేది. అప్‌డేట్‌డీబీ అనే ప్రోగ్రామ్ డిస్క్‌లోని ఫోల్డర్లన్నీ తిరిగి ఫైళ్ల పేర్లు రాసుకునేది. డిస్క్ గరగరలాడుతుంటే, చదివిందంతా లినక్స్ గుండెలాంటి కెర్నల్ ర్యామ్‌లో క్యాషెగా దాచిపెట్టేది. చోటు చాలేది కాదు. మరి ఎవర్ని ఖాళీ చేయించాలి? సాయంత్రం నుంచి ఎవరూ ముట్టుకోని బ్రౌజర్ కంటపడేది. ఒక్కోటి 4 కిలోబైట్ల చొప్పున దాని మెమరీ పేజీలు వరసగా డిస్క్ మీద స్వాప్ అనే చోటికి పోయేవి.

పొద్దున్నే మనిషి వచ్చి మౌస్ నొక్కేవాడు. విండో పైకి వచ్చేది గానీ లోపల ఒట్టి బూడిదరంగు. అక్షరాలు కనపడాలంటే ఆ పేజీలన్నీ వెనక్కి రావాలి. తిరిగే డిస్క్ నుంచి ఒక పేజీ తేవడమంటే, ర్యామ్‌తో పోలిస్తే దాదాపు లక్ష రెట్లు ఆలస్యం.

ఎవర్ని ఎంత తొందరగా పంపాలో తేల్చడంలో ‘స్వాపీనెస్’ అనే అంకెదే పెద్ద పాత్ర. కెర్నల్‌తో పాటు వచ్చేది 60. తగ్గిస్తే కెర్నల్ ప్రోగ్రాముల జోలికి తొందరగా పోదు. అప్పట్లో గరిష్ఠం 100. 2.6 కెర్నల్ బాధ్యత చూస్తున్న ఆండ్రూ మోర్టన్ తన కంప్యూటర్లో ఆ 100నే పెట్టుకున్నారు. ఎవరూ వాడని మెమరీని డిస్క్‌కి పంపేసి, ఆ చోటును పనికొచ్చేదానికి ఇవ్వాలన్నది ఆయన వాదన. అందులో న్యాయం లేకపోలేదు. రోజంతా కోడ్ కంపైల్ చేసేవాళ్లకు ఫైళ్ల క్యాషే ప్రాణం.

కానీ మౌస్ పట్టుకుని ఎదురుచూసే మనిషి సంగతి? దాన్ని పట్టించుకున్నది ఆస్ట్రేలియాలో మత్తు డాక్టరుగా పనిచేస్తున్న కాన్ కొలివాస్. ప్రోగ్రామింగ్ ఆయన వృత్తి కాదు. 2005లో ఆయన ‘స్వాప్ ప్రీఫెచ్’ రాశారు. కంప్యూటర్ ఊరికే ఉండి, ర్యామ్‌లో ఖాళీ కనబడితే, బయటికి పోయిన పేజీల్ని ఎవరూ అడగకముందే అది తెచ్చిపెడుతుంది. స్వాప్‌లోని నకలును మాత్రం చెరపదు. మళ్లీ చోటు కావలసివస్తే తెచ్చిన పేజీని తిరిగి రాసే పని లేకుండా వదిలేయొచ్చు.

మోర్టన్ దాన్ని తన ప్రయోగాత్మక కెర్నల్‌లో ఏడాదికి పైగా ఉంచారు. వాడినవాళ్లు పొద్దుటి నత్తనడక పోయిందన్నారు. అభ్యంతరాలూ గట్టివే వచ్చాయి. అప్‌డేట్‌డీబీ ర్యామ్‌ని క్యాషెతో నింపేసి పోతుంది కదా, ఖాళీయే లేనప్పుడు పేజీల్ని ఎక్కడికి తెస్తారు? జబ్బును వదిలి లక్షణానికి మందు వేస్తున్నారు కదా? అడగాల్సిన ప్రశ్నలే. అయినా నేను కొలివాస్ పక్షమే. మనిషి పడే విసుగు అంకెల్లో తేలలేదని దాన్ని లేనట్టే చూడటం అన్యాయం.

2007లో కొలివాస్ కెర్నల్ పని మానేశారు. స్వాప్ ప్రీఫెచ్ ప్రధాన కెర్నల్‌లోకి వెళ్లనేలేదు. 2009లో ఆయన, ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు నడవాలో తేల్చే బీఎఫ్ఎస్ అనే కొత్త షెడ్యూలర్‌తో తిరిగొచ్చారు. ఈసారి దాన్ని ప్రధాన కెర్నల్‌లో చేర్చమని ఎవర్నీ అడగలేదు.