రాజమండ్రి రాళ్లకు వయసు చెప్పిన గుల్లలు

రాజమండ్రి పరిసరాల్లో, గోదావరికి ఇరువైపులా ఉన్న నల్లరాతి క్వారీల్లో రెండు లావా పొరల నడుమ సముద్రపు మేట ఒకటి ఇరుక్కుని ఉంది. లావా వయసు తేల్చడానికి సాక్ష్యం అందులోనే దొరికింది.

ఆ సాక్షులు ఫొరామినిఫెరా. సముద్రంలో తేలుతూ బతికిన ఈ ఏకకణ జీవుల సున్నపు గుల్లలు అడుగున పేరుకునేవి. జాతులు త్వరగా మారిపోవడం, దూరదూరాలకు వ్యాపించడం వల్ల కాలాన్ని గుర్తించడానికి అవి పనికొచ్చాయి.

1964లో శాస్త్రవేత్తలు లూటర్‌బాకర్, ప్రెమోలీ సిల్వా ఇటలీలోని గుబ్బియోలో క్రెటేషియస్ అనే భూవిజ్ఞాన కాలం ముగిసిన వెంటనే పుట్టిన బుల్లి ఫొరామినిఫెరా జాతులను గుర్తించారు. 1991లో ట్యునీసియాలోని ఎల్ కెఫ్, క్రెటేషియస్ వెంటనే వచ్చిన డానియన్ దశ ఆరంభానికి అంతర్జాతీయ ప్రమాణ స్థలమైంది.

2008లో శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం రాజమండ్రి మేటలో డానియన్ తొలినాటి జాతులను చూపింది. కింది లావా ప్రవాహాలు క్రెటేషియస్ చివర, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి జీవజాతుల మహావినాశనం దగ్గర్లోనే ఆగాయని, పై లావా ఆ తర్వాతదని ఆ బృందం తేల్చింది.