బందరు చరిత్ర – పల్లెయింటి రుణార్హత

రుణమిచ్చువానికి ఏ కాలమునందైనను ఎదురగు ప్రశ్న యొక్కటే: దేనిని నమ్మి ఈయవలెను? కాలక్రమమున ఈ ప్రశ్నకు లభించిన సమాధానములను మచిలీపట్టణ చరిత్రయందు వరుసగా చూడవచ్చును. ఆ వరుసలో పల్లెటూరి యిల్లు చిట్టచివరి స్థానమున నిలిచినది.

గోలకొండ సుల్తానుల కాలమున బందరు తూర్పుతీరమునందలి ప్రధానమైన రేవులలో నొకటి. 1611లో ఆంగ్లేయులు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. వారును, డచ్చివారును పరిసర గ్రామముల నేతగాండ్రకు, అద్దకపు పనివారికి ముందుగా సొమ్మిచ్చి బట్టలు తెప్పించుకొనుచుండిరి. నాడు రుణార్హత చేతిలోని పనితనమే. ఆ సొమ్ము మగ్గమును చూచి వచ్చినదే కాని, మగ్గమున్న యింటిని చూచి వచ్చినది కాదు.

రేవు వైభవము సన్నగిల్లిన పిదప, 1855లో కృష్ణపై బెజవాడ ఆనకట్ట పూర్తియై డెల్టాలో మాగాణి విస్తరించెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన బందరును ముంచివేసెను. సుమారు 30,000 మంది మరణించిరి. 1866లో ఆ పట్టణమునకు మునిసిపాలిటీ ఏర్పడెను. క్రమముగ రుణమునకు ఆధారము సముద్రమునుండి పొలమునకు మారినది. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టము పిమ్మట, 1915లో బందరున కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు వెలసినది. వైద్యవృత్తిని విడిచి స్వాతంత్ర్యోద్యమమున చేరిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు అచ్చటనే ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది 1923 నవంబరు 20న రిజిష్టరై, 28న వ్యాపారమారంభించినది.

అయినను రైతునకు అప్పు సులభము కాలేదు. 1951–52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలన ప్రకారము, దేశమున రైతులు చేసిన అప్పులో సహకార సంఘములనుండి వచ్చినది నూటికి 3 పాళ్లు మాత్రమే. వాణిజ్య బ్యాంకులది ఒక పాలు కూడ కాదు. పంటకే ఇంత కరవైన అప్పు ఇంటికి ఎట్లు లభించును? పంట పండిన అప్పు తీరును. ఇల్లు ఆదాయమునిచ్చునది కాదు.

ఇంతకంటె పెద్ద చిక్కు కాగితములోనున్నది. పూర్వపు సర్వేలు శిస్తు కొరకు జరిగినవి. శిస్తు వచ్చు పొలమునకు వేరువేరు నెంబర్లు, పట్టాలు ఏర్పడెను. జనులు కాపురముండు గ్రామకంఠము సాధారణముగ మొత్తముగా ఒక నెంబరు క్రిందనే నిలిచెను. తాతముత్తాతల నాటినుండి నివసించుచున్నను, పెక్కు ఇండ్లకు హక్కు పత్రము లేకపోయెను. పత్రమున్నవానికిని పట్టణమునకు పోక తప్పలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టముననుసరించి, దస్తావేజులను అప్పగించి తనఖా పెట్టుట మద్రాసు, కలకత్తా, బొంబాయి వంటి నగరములందును, ప్రభుత్వము ప్రకటించిన పట్టణములందును మాత్రమే చెల్లును. ఆస్తి పల్లెలోనున్నను, తనఖా జరుగవలసినది పట్టణముననే.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1956లో ఏర్పడిన గృహనిర్మాణ అడ్వాన్సు పథకమునందును ఈ భేదము కలదు. 2017 నిబంధనల ప్రకారము, గ్రామమున ఇల్లు కట్టుకొనువారికి స్థలము, నిర్మాణముల నిజమైన ఖర్చులో నూటికి 80 వంతులే లభించును. ఆ గ్రామము పట్టణ పరిసరమున నున్నదని శాఖాధిపతి ధ్రువీకరించినచో పూర్తి ఖర్చునకు అర్హత కలుగును. పల్లెయింటి విలువను చెంతనున్న పట్టణము నిర్ణయించుచున్నదన్నమాట. స్పష్టమైన హక్కు మాత్రము ఎచ్చటనైనను చూపవలసినదే. ఢిల్లీలోనో నాగపురములోనో ఉద్యోగము చేసి, విశ్రాంతికాలమున తలిదండ్రుల యింటిని తిరిగి కట్టదలచినవారికి గ్రామకంఠము అడ్డువచ్చుట ఇందువలననే.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. అదే నెల 24న, గ్రామములందలి నివాసస్థలములను డ్రోనులతో కొలిచి యజమానులకు ఆస్తి కార్డులనిచ్చు స్వామిత్వ పథకము ప్రకటింపబడెను. పల్లెవారికి పరపతి కల్పింపవలెనని బందరున పుట్టిన బ్యాంకు పేరు మరుగుపడిన నెలలోనే, పల్లెయింటికి కాగితమిచ్చు యత్నము మొదలైనది. మగ్గమునకు, పొలమునకు ఎన్నడో దక్కిన నమ్మకము ఇంటికిని దక్కవలెనన్న, ఆ కాగితము ప్రతి గడపకును చేరవలసియున్నది.