కొలియూర్ మజిలీ

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరినప్పుడు, మజిలీ మజిలీకీ దారి ఎట్లా ఉన్నది, నీళ్ళు ఎట్లా ఉన్నవి, ఏ వస్తువు దొరికింది, ఏది దొరకలేదు అని ఓపికగా రాసిపెట్టుకున్నారు. ఆ కాశీయాత్ర చరిత్రను తరగతిలో ప్రస్తావించిన ప్రతిసారీ, ఒక్క ప్రయాణమైనా అలా మజిలీలు గుర్తుపెట్టుకుంటూ చేయాలని నాకు కోరికగా ఉండేది. తీరా ఆ అవకాశం కలిగినది గోదావరి గట్టు మీద కాదు, మధ్యధరా సముద్రపు ఒడ్డున!

మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఫ్రాన్సు దేశంలోని తులూజ్ నగరంలో ఉంటున్నాడు. ఒక డిసెంబరు చివరివారంలో అబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ళ మనవరాలు, మా ఆవిడ, నేను, అయిదుగురం కారులో బార్సిలోనా వెళ్ళాము. ఆ మహానగరాన్ని గూర్చి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తిరుగు ప్రయాణంలో పెద్ద రహదారి మీద పోకుండా, ఫిగెరస్ పట్టణం దగ్గర పక్కకు తిరిగి, సముద్రం వెంబడి పోర్ట్‌బౌ, సెర్బేర్, బాన్యుల్స్, కొలియూర్ ఊళ్ళ మీదుగా వెళదామని పట్టుబట్టినవాణ్ణి మాత్రం నేనే. "నాన్నా, ఆ దారంతా మలుపులే, అమ్మకు కళ్ళు తిరుగుతాయి" అన్నాడు అబ్బాయి. కళ్ళు తిరగనే తిరిగాయి. అయినా మా ఆవిడ ఒక్క మాట అనలేదు.

ఎందుకు పట్టుబట్టానో చెప్పాలంటే 1939వ సంవత్సరపు జనవరికి వెళ్ళాలి.

1936 జూలైలో స్పెయిన్‌లో ప్రజలెన్నుకున్న రిపబ్లిక్ ప్రభుత్వం మీద కొందరు సైన్యాధిపతులు తిరగబడ్డారు. ఫ్రాంకో వారికి నాయకుడయ్యాడు. హిట్లరు, ముస్సోలినీ అతనికి విమానాలూ సేనలూ పంపారు. ఇంగ్లండు, ఫ్రాన్సు 'జోక్యం చేసుకోము' అని చేతులు కట్టుకున్నాయి. దాదాపు మూడేళ్ళ యుద్ధమది. మన దేశానికి దూరమైన కథేమీ కాదు. 1938 జూన్‌లో జవహర్లాల్ నెహ్రూ, వి.కె. కృష్ణమీనన్‌తో కలిసి బార్సిలోనా వెళ్ళి, బాంబులు పడుతున్న రోజులలోనే అక్కడ అయిదు రోజులు ఉన్నారు. నాగపూరుకు చెందిన గోపాల్ ముకుంద్ హుద్దార్ మారుపేరుతో రిపబ్లిక్ పక్షాన పోరాడి పట్టుబడ్డాడు. ఈ సంగతులు మన పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంగానైనా నాకు కనబడలేదు.

1939 జనవరి 26న బార్సిలోనా ఫ్రాంకో సేనల వశమైంది. అంతకు కొద్ది రోజుల ముందునుంచే జనం ఉత్తరదిక్కుగా నడక సాగించారు. నడక అని ఊరికే అనడం లేదు. బండ్లు, లారీలు కొన్ని ఉన్నా ఎక్కువమందికి కాళ్ళే వాహనాలు. ముసలివాళ్ళు, చంకబిడ్డలు, పరుపుచుట్టలు, కుట్టుమిషన్లు, మేకలు. పైన విమానాల దాడి, కింద చలి, వాన, పర్వతాల వైపు మంచు. జనవరి 28న ఫ్రాన్సు ప్రభుత్వం సామాన్య ప్రజలకు సరిహద్దు తెరిచింది, ఫిబ్రవరి 5న సైనికులకు తెరిచింది. ఫిబ్రవరి 10 నాటికి ఫ్రాంకో సేనలు పోర్ట్‌బౌ చేరుకున్నాయి. ఈ రెండు వారాలలో సరిహద్దు దాటినవారు ఇంచుమించు 4,75,000 మంది. వారిని అందుకున్న ఫ్రెంచి సరిహద్దు జిల్లా జనాభా మొత్తం రెండున్నర లక్షలకు లోపే! ఎక్కువమంది లోపలి వైపునున్న లె పెర్తుస్ కనుమ గుండా వెళ్ళారు. సముద్రపు దారిన వచ్చినవాళ్ళు పోర్ట్‌బౌ పైనున్న కనుమ ఎక్కారు. మేము ఎక్కినది ఆ కనుమనే.

పోర్ట్‌బౌ చిన్న ఊరు. ఊరికి పదింతలున్నట్టు కనబడే రైల్వే స్టేషను ఒకటి కలదు. స్పెయిన్ పట్టాల వెడల్పు వేరు, ఫ్రాన్సు పట్టాల వెడల్పు వేరు కావడం వల్ల ఒకప్పుడు మనుషులైనా సరుకులైనా అక్కడ బండి మారవలసిందే. (అన్నట్టు స్పెయిన్ పాత పట్టాల వెడల్పు మన బ్రాడ్‌గేజికి దాదాపు సమానం.) ఊరి శ్మశానం పక్కన, కొండ అంచున, సముద్రం వైపు దిగే ఇనుప మెట్ల సొరంగమొకటి ఉన్నది. వాల్టర్ బెన్యమిన్ అనే జర్మన్ యూదు పండితుని స్మారకమది. 1940 సెప్టెంబరులో, నాజీల నుండి తప్పించుకుంటూ, ఆయన ఫ్రాన్సు నుండి స్పెయిన్ వైపు ఇదే కొండ దాటాడు. వెనక్కి పంపుతామన్నారు అధికారులు. 26వ తేదీ రాత్రి ఆ ఊళ్ళోనే ప్రాణాలు తీసుకున్నాడంటారు. ఏడాదిన్నర క్రితం జనం ఏ దిక్కు నుండి పారిపోయి వచ్చారో ఆ దిక్కుకే ఆయన పారిపోయి వెళ్ళాడన్నమాట.

కనుమ మీద గాలి కారు తలుపు తెరవనివ్వలేదు. పర్వతాల అవతలి నుండి వస్తుంది కనుక ఆ గాలికి త్రమోంతాన్ అని పేరు. కోడలి శాలువా ఎగిరి కంపలకు చిక్కుకుంది. అక్కడ 1939 నాటి వలసను చూపే ఛాయాచిత్రాలు పలకల మీద నిలబెట్టారు. పాత కస్టమ్స్ గది ఖాళీగా ఉన్నది. మమ్మల్ని ఎవరూ ఆపలేదు, కాగితం అడగలేదు. 'ఫ్రాన్సుకు స్వాగతం' అని అబ్బాయి ఫోనులో సందేశం మోగింది, అంతే. పాస్‌పోర్టు సంచి ఒడిలో పెట్టుకుని కూర్చున్న మా ఆవిడ, "ఏమండీ, ఇదేనా సరిహద్దు?" అని అడిగింది.

1939 జనవరి 27 సాయంకాలం ఇక్కడికి చేరిన ఒక కుటుంబం కోసమే నేనీ దారి పట్టించినది. ఆంతోనియో మచాదో స్పెయిన్ మహాకవులలో ఒకడు. 1875లో సెవిల్లో పుట్టాడు. చాలా ఏళ్ళు చిన్న పట్టణాల బడులలో ఫ్రెంచి భాష చెప్పుకుని బతికిన పంతులు. సోరియా అనే ఊళ్ళో ఉద్యోగం, అక్కడే పెళ్ళి, మూడేళ్ళకే భార్య క్షయతో పోవడం, ఆ తరువాత బదిలీల మీద బదిలీలు. ఈ భాగం చదివినప్పుడు నాకాయన ఏదో జిల్లాపరిషత్ హైస్కూలులో తోటి ఉపాధ్యాయుడే అనిపించాడు. యుద్ధంలో ఆయన రిపబ్లిక్ పక్షాన కలం పట్టాడు. అన్న మాన్యుయెల్, ఆయనా కవే, ఫ్రాంకో ఏలుబడిలోని బుర్గోస్ పట్టణంలో చిక్కి ఆ పక్షాన్నే రాశాడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి నాటకాలు రాసినవాళ్ళు. కురుక్షేత్రం చదివిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

జనవరి 22 రాత్రి మచాదో, ఎనభై నాలుగేళ్ళ తల్లి ఆనా రుయీస్, తమ్ముడు హోసె, మరదలు బార్సిలోనా వదిలారు. మేము ఒక పూటలో, మధ్యలో భోజనానికి ఆగి, వచ్చిన దూరానికి వాళ్ళకు దాదాపు ఆరు రోజులు పట్టింది. జనసమ్మర్దంలో వాహనం ముందుకు సాగక చివరి దూరం వానలో నడిచారు. కవిగారి రాతలున్న పెట్టె దారిలోనే ఉండిపోయింది. ఏమి రాశాడో ఇక ఎవరికీ తెలియదు. ఫ్రెంచి పోలీసుల దగ్గర కోర్పుస్ బార్గా అనే రచయిత, ఈయన మా దేశానికి మీ పోల్ వలేరీ వంటివాడని చెప్పి దారి ఇప్పించాడు. ఆ రాత్రి సెర్బేర్ స్టేషనులో నిలిపి ఉంచిన రైలుపెట్టెలో గడిపారు. మరునాడు కొలియూర్‌లో దిగారు. ముసలమ్మను బార్గాయే చేతుల మీద ఎత్తుకుని వీధి దాటించాడు. ఆమె మతి అప్పటికే చెదిరింది. సెవిల్‌కు త్వరలో చేరతామా అని అడిగిందట, దేశానికి ఆ కొసనున్న తమ ఊరు వచ్చేస్తున్నదనుకుని.

కొలియూర్ అందమైన రేవు. 1905 వేసవిలో మతీస్, దెరెన్ అనే చిత్రకారులు ఇక్కడ వేసిన బొమ్మలతో ఆధునిక చిత్రకళ ఒక మలుపు తిరిగింది. ఉప్పులో ఊరవేసిన నెత్తళ్ళకు కూడా ఈ ఊరు ప్రసిద్ధం. శాకాహారులం కనుక ఆ విషయం విని ఊరుకున్నాము. మేము వెళ్ళిన రోజు ఎండ కాస్తున్నది. కోట గోడ కింద ముసలివాళ్ళు గాలి తగలని చోటు చూసుకుని కూర్చున్నారు.

కవిగారి కుటుంబం ఒక చిన్న హోటలులో దిగింది. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి భోజనానికి కిందికి వచ్చేవారు కాదట. ఉన్న ఒక్క చొక్కా ఉతికి ఆరేసుకుంటూ వంతులవారీగా వచ్చేవారని తరువాత తెలిసింది. ఊరి స్టేషనులో పనిచేసే జాక్ బైల్స్ అనే యువకుడు అదే హోటలులో భోజనం చేసేవాడు. వచ్చినవారి వివరాలు రాసే పుస్తకంలో 'ఉపాధ్యాయుడు' అన్న మాట, ఆ పక్కన పేరు చూశాడు. రాత్రిబడిలో స్పానిష్ నేర్చుకుంటున్నప్పుడు ఆ పేరుగల కవి పద్యాలు కొన్ని తన నోటుపుస్తకంలో ఎక్కించుకుని ఉన్నాడతడు. వెళ్ళి, ఆ మచాదో మీరేనా అని అడిగాడు. అవునన్నాడాయన. దేశం పోయి, రాతలు పోయి, చొక్కా కూడా సగమే మిగిలిన మనిషిని ఎవరో రాత్రిబడి పిల్లవాడు నోటుపుస్తకం వల్ల గుర్తుపట్టాడు! ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల చేత పద్యాలు ఎత్తిరాయించినవాణ్ణి నేను. ఇంపోజిషన్ అని తిట్టుకున్నవాళ్ళే ఎక్కువ. ఈ ఒక్క ముచ్చట చదివిననాడు మటుకు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరి 22న మచాదో కన్నుమూశాడు. మూడు రోజులకు, పక్క మంచం మీదనే ఉన్న తల్లి పోయింది. శవపేటికను స్పెయిన్ సైనికులు ఆరుగురు మోశారు. కప్పిన రిపబ్లిక్ జెండాను ఆ ఊరి స్త్రీ ఒకామె రాత్రికి రాత్రి కుట్టింది. బుర్గోస్ నుండి మాన్యుయెల్ తమ్ముని కడసారి చూపుకైనా దక్కుతుందేమోనని వచ్చేసరికి, తల్లి కూడా లేదన్న కబురు తెలిసింది. కొన్నాళ్ళకు హోసె అన్నగారి కోటు జేబులో ఒక నలిగిన కాగితం చూశాడు. అందులో బాల్యాన్ని గూర్చిన ఒక పాదం కూడా ఉన్నది. దాన్ని ఇక్కడ తెనిగించే సాహసం చేయను.

సమాధి ఊరి నడుమనే, శ్మశానం గుమ్మం దగ్గరే ఉన్నది. తల్లీ కొడుకులిద్దరికీ ఒకే రాయి. పక్కన ఉత్తరాల పెట్టె! ఈనాటికీ ఎక్కడెక్కడి నుండో జనం కవికి జాబులు రాసి అందులో వేస్తారు. మనవరాలు నా దగ్గర మజిలీ పుస్తకంలోంచి కాగితం చింపించుకుని, వచ్చీరాని తెలుగు అక్షరాలతో ఏదో రాసింది. "తాతయ్యా, మచాదోలో చా కి దీర్ఘం ఉంటుందా?" అని మాత్రం అడిగింది. ఉంటుందన్నాను. కాగితం నాకు చూపకుండానే పెట్టెలో వేసింది.

అక్కడి నుండి ఆర్జెలెస్ కొద్ది దూరమే. కొండలు ఆగిపోయి, కిలోమీటర్ల కొద్దీ ఇసుక. వేసవిలో కాలు పెట్టడానికి చోటుండదట, మేము చూసినప్పుడు నలుగురు మనుషులు, రెండు కుక్కలు. సరిహద్దు దాటినవారిలో దాదాపు లక్షమందిని 1939 ఫిబ్రవరిలో ఈ ఇసుక మీదనే ముళ్ళకంచెలో ఉంచారు. మొదట పాకలు కూడా లేవు. త్రమోంతాన్ గాలికి ఇసుకలో గుంతలు తవ్వుకుని పడుకున్నారు. తాగే నీరు ఉప్పదనం, అతిసారం, పిల్లల చావులు. స్వేచ్ఛ, సమానత, సౌభ్రాత్రం పుట్టిన దేశమని మనం పిల్లలకు చెప్పే పాఠంలో ఈ ఇసుక ఉండదు. అయితే తలుపు తెరిచినది కూడా ఆ దేశమే. తక్కిన దేశాలు చాలావరకు అది కూడా చేయలేదు. మెక్సికో వేలమందిని పిలుచుకుంది. మన కవులకు ఇష్టుడైన పాబ్లో నెరూడా రెండువేల మందికి పైగా ఓడ ఎక్కించి 1939లో చిలీకి పంపాడు. చాలామంది చేసేది లేక ఫ్రాంకో స్పెయిన్‌కే తిరిగి వెళ్ళిపోయారు.

మనవరాలు పారలేని లోటు చేతులతో తీర్చుకుంటూ ఇసుకలో పెద్ద గుంత తవ్వుతున్నది. చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. చివరకు చెప్పాను. "చలికి దుప్పట్లు ఇవ్వలేదా?" అన్నది. "అందరికీ చాలలేదమ్మా" అన్నాను. ఆ గుంతలో దిగి కూర్చుని చూసింది. గాలి తగలడం లేదన్నది. తరువాత లేచి, ఏమీ అనకుండా కాళ్ళతో దాన్ని పూడ్చింది. కోడలు నా వైపు కొంచెం కోపంగానే చూసింది.

చీకటి పడకముందే ఎల్న్ ఊరి బయటనున్న ఒక పాత భవనాన్ని చూడాలని మళ్ళీ నేనే అడిగాను. ఎలిజబెత్ ఐడెన్‌బెన్స్ అనే స్విట్జర్లాండు ఉపాధ్యాయిని, 1913లో పుట్టిన మనిషి, ఇరవై ఆరేళ్ళ వయసులో అక్కడ ప్రసూతిశాల తెరిచింది. ఆర్జెలెస్ వంటి శిబిరాల నుండి నిండుచూలాళ్ళను తెచ్చి పురుడు పోసేవారు. 1939 డిసెంబరు నుండి 1944లో జర్మన్లు మూయించేదాకా అక్కడ పుట్టిన పిల్లలు 597 మంది. స్పెయిన్ తల్లులే కాక యూదు తల్లులు, జిప్సీ తల్లులు కూడా వచ్చారు. ఆమె 2011 వరకు జీవించింది.

మేము వెళ్ళేసరికి గేటు వేసి ఉన్నది. గాజు కప్పు గల ఆ మూడంతస్తుల ఇంటిని చువ్వల సందులోంచి చూశాము. మా ఆవిడ మాత్రం కారు దిగి, గేటు పట్టుకుని చాలాసేపు నిలబడింది. "పురిటి స్నానానికి ఈ చలిలో వేణ్ణీళ్ళు ఎట్లా కాచేవారో" అన్నది. వీరాస్వామయ్యగారైతే తప్పక విచారించి రాసుకునే విషయమది. నా పుస్తకంలో ఆ మజిలీ దగ్గర ఖాళీ వదిలాను.